దృశ్యం ఎవరిది? గొంతు ఎవరిది? – ఆసిఫ్ కపాడియా క్రీడా, సంగీత డాక్యుమెంటరీలు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కారు పందాల క్రీడాకారుడు అయర్టన్ సెన్నా, గాయని ఏమీ వైన్‌హౌస్, ఫుట్‌బాల్ క్రీడాకారుడు డియేగో మారడోనాల జీవితాల ఆధారంగా బ్రిటిష్ దర్శకుడు ఆసిఫ్ కపాడియా తీసిన మూడు డాక్యుమెంటరీలు జీవితచరిత్ర కథనంలో ఒక విశిష్టమైన పద్ధతికి ఉదాహరణలు. వీటిలో తెరమీద దాదాపుగా పాత దృశ్యాలే కనిపిస్తాయి. ఆ జీవితాలను ఎరిగినవారు ఇవాళ చెప్పే మాటలు గొంతులుగా మాత్రమే వినిపిస్తాయి. ఈ పద్ధతి ఎలా రూపొందిందో, ఒక్కో చిత్రానికి ఆధారమైన దృశ్యాలను మొదట ఎవరు ఏ ప్రయోజనం కోసం చిత్రించారో, ఆ మూలప్రయోజనం చిత్రం చెప్పే సత్యాన్ని ఎంతవరకు నిర్ణయించిందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ఆసిఫ్ కపాడియా, డాక్యుమెంటరీ, జీవితచరిత్ర, పాత దృశ్యాలు, కథకుడు, ప్రఖ్యాత ఇతివృత్తం, ఔచిత్యం.

1. ప్రవేశిక

జీవితచరిత్ర రాయదలచిన వారికి ఆధారాలు కావాలి. గురజాడ శ్రీరామమూర్తి ‘కవి జీవితములు’ మొదలు వీరేశలింగం ‘ఆంధ్ర కవుల చరిత్రము’ వరకు, ఆ తర్వాత వచ్చిన ఎన్నో రచనల దాకా, చాటుపద్యాలు, ఐతిహ్యాలు, శాసనాలు, అవతారికలు ఎంతవరకు నమ్మదగినవన్న చర్చ తెలుగు పరిశోధనలో విస్తృతంగానే జరిగింది. అయితే ఒక ఆధారం నమ్మదగినదా అన్న ప్రశ్నకు తోడు, అది అసలు ఎందుకు పుట్టింది, ఎవరి దగ్గర మిగిలింది అన్న ప్రశ్న కూడా ఉంది. రెండో ప్రశ్నకు మనం ఇచ్చిన చోటు తక్కువనే నా అభిప్రాయం.

ఇరవయ్యో శతాబ్దపు చివరి దశాబ్దాల నుంచి ప్రసిద్ధ క్రీడాకారులు, గాయకులు తమ జీవితంలో పెద్ద భాగాన్ని కెమెరా ఎదుటే గడిపారు. వారి చరిత్ర రాసేవారికి ఆధారాల కొరత లేదు. ఆ దృశ్యాల్లో చాలావాటిని ఎవరో, మరేదో అవసరానికి తీశారన్నదే చిక్కు. కపాడియా చిత్రాలు ఈ చిక్కును దాచిపెట్టకుండా కథనంలో భాగం చేసుకున్నాయి. డాక్యుమెంటరీని సాహిత్య విద్యార్థులు కూడా చదవదగిన పాఠ్యంగా నేను భావించడానికి ఇదే కారణం.

2. తొలిదశ: మాట తక్కువ, దృశ్యం ఎక్కువ

కపాడియా 1972లో లండన్‌లోని హాక్నీ ప్రాంతంలో, భారతీయ మూలాలున్న గుజరాతీ ముస్లిం కుటుంబంలో జన్మించాడు. రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చలనచిత్ర విద్య అభ్యసిస్తూ తీసిన ‘ది షీప్ థీఫ్’ (1997) అనే లఘుచిత్రానికి కాన్ చిత్రోత్సవంలో విద్యార్థి చిత్రాల విభాగంలో బహుమతి లభించింది. తొలి పూర్తినిడివి చిత్రం ‘ది వారియర్’ (2001). రాజస్థాన్ ఎడారుల్లో, హిమాలయ ప్రాంతంలో చిత్రించిన ఈ హిందీ చిత్రంలో కథానాయకుడు ఇర్ఫాన్ ఖాన్. ఒక భూస్వామి కొలువులో హింసే వృత్తిగా బతికిన యోధుడు కత్తి వదిలిపెట్టి కొండల వైపు ప్రయాణించడం ఇందులోని కథ. సంభాషణలు చాలా తక్కువ. ముఖకవళికలు, నేల, గాలి, దూరం కథను మోస్తాయి. దీనికి బ్రిటిష్ అకాడమీ (బాఫ్టా) పురస్కారాలు రెండు దక్కాయి.

భాషాధ్యయనం చేసేవారికి ఆసక్తి కలిగించే ఒక విషయం ఈ చిత్రంతో ముడిపడి ఉంది. ఆస్కార్ విదేశీ భాషాచిత్రాల విభాగానికి బ్రిటన్ దీనిని ప్రతిపాదించగా, హిందీ బ్రిటన్ దేశీయ భాష కాదన్న కారణంతో తిరస్కరించారు. లండన్‌లో పుట్టి పెరిగిన దర్శకుని చిత్రానికి అతని పూర్వికుల దేశపు భాష అడ్డంకి అయింది. చిత్రభాష ఆ దేశానికి చెందినదే కావాలన్న నియమాన్ని అకాడమీ తర్వాత, 2006లో, సడలించింది.

ఆ తర్వాతి కల్పిత చిత్రాలు ‘ది రిటర్న్’ (2006), ‘ఫార్ నార్త్’ (2007) అంతటి పేరు తేలేదు. వాటిని ఇక్కడ వివరించవలసిన అవసరం లేదు. తొలి చిత్రంలో అలవడిన ఒక లక్షణాన్ని మాత్రం గుర్తుంచుకోవాలి. పాత్ర మనసులో ఏముందో మాటల్లో చెప్పించకుండా ముఖాన్ని చూపి ఊహించమనడం ఆ లక్షణం. డాక్యుమెంటరీ రంగంలో అడుగుపెట్టాక కపాడియా చేసినదల్లా ఈ నియమాన్ని తాను తీయని దృశ్యాలకు వర్తింపజేయడమే.

3. ‘సెన్నా’: ప్రసారం కోసం తీసిన దృశ్యాలు

బ్రెజిల్‌కు చెందిన అయర్టన్ సెన్నా 1988, 1990, 1991 సంవత్సరాల్లో ఫార్ములా వన్ ప్రపంచ విజేత. 1994 మే 1న ఇటలీలోని ఇమోలాలో జరిగిన శాన్ మరీనో గ్రాండ్ ప్రీలో, టాంబురెల్లో మలుపు దగ్గర జరిగిన ప్రమాదంలో మరణించాడు. అప్పటికి అతని వయసు 34 ఏళ్లు. మనీష్ పాండే రచనతో కపాడియా తీసిన ‘సెన్నా’కు ఇదే వస్తువు.

క్రీడా డాక్యుమెంటరీల సాధారణ పద్ధతి మనకు పరిచితమే. ఒక మాజీ క్రీడాకారుడో పాత్రికేయుడో కుర్చీలో కూర్చుని గతాన్ని వివరిస్తాడు. అతని మాటకు సాక్ష్యంగా మధ్యలో పాత దృశ్యం వచ్చిపోతుంది. కపాడియా ఈ క్రమాన్ని తలకిందులు చేశాడు. ఫార్ములా వన్ సంస్థ వద్ద నిల్వ ఉన్న దృశ్యాలను చూశాక, కూర్చుని చెప్పేవారి అవసరం లేదని అతనికి తోచింది. పోటీలో ప్రత్యర్థి అలెన్ ప్రోస్ట్, మెక్‌లారెన్ జట్టు అధిపతి రాన్ డెన్నిస్, సోదరి వివియన్, వైద్యుడు సిడ్ వాట్కిన్స్ మొదలైన వారి గొంతులు వినిపిస్తాయి కానీ, ఇప్పటి వారి ముఖాలు కనిపించవు. దీనివల్ల కథాకాలం మారిపోయింది. వృద్ధాప్యంలో నెమరువేసుకునే మనిషి తెరమీద కనిపిస్తే ప్రేక్షకుడు భూతకాలంలో ఉంటాడు. ఆ మనిషి అదృశ్యమైతే 1984 నాటి మొనాకో వాన ప్రేక్షకుని కళ్లముందే కురుస్తుంది.

మన లాక్షణికులు ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలుగా విభజించారు. సెన్నా కథ ప్రఖ్యాతం; అంతం ముందే తెలుసు. కాబట్టి ఏం జరుగుతుందోనన్న ఉత్కంఠ ఇక్కడ పనిచేయదు. తెలిసిన అంతం వైపు అడుగులు పడుతుంటే నిస్సహాయంగా చూడవలసి రావడమే రసహేతువు. ఇమోలాలోని ఆ మూడు రోజులను కపాడియా దర్శించిన తీరు దీనికి నిదర్శనం. శుక్రవారం రూబెన్స్ బారికెల్లో కారు గాల్లోకి లేచి పడుతుంది. శనివారం ఆస్ట్రియా క్రీడాకారుడు రోలాండ్ రాట్జెన్‌బర్గర్ మరణిస్తాడు. సెన్నా తన జట్టు స్థావరంలో నిలబడి ఆ దృశ్యాన్ని చిన్న తెరమీద చూస్తాడు. ప్రసారకర్తల కెమెరా అతని ముఖాన్ని పట్టుకుంది. ఆ రోజు వార్తలకు అదొక క్షణకాలపు దృశ్యం మాత్రమే. మరునాటి మరణం తెలిసిన ప్రేక్షకుడికి అదే చిత్రమంతటికీ కేంద్రం. ఈ పోటీ మానుకుని చేపలు పట్టుకుందాం రమ్మని తాను సెన్నాకు సూచించినట్టు వాట్కిన్స్ గొంతు చెబుతుంది. వ్యాఖ్యాత ఒక్క మాటా అదనంగా పలకడు. అసలు వ్యాఖ్యాతే లేడు.

అయితే వ్యాఖ్యాత లేనంత మాత్రాన దృక్కోణం లేదని కాదు. ప్రసార కెమెరా స్వభావరీత్యా పోటీనే వెతుకుతుంది. ఇద్దరిని ఎదురెదురుగా నిలబెడితేనే ఆ సరుకు అమ్ముడవుతుంది. దాని నుంచి తయారైన చిత్రం కూడా 1989, 1990 సంవత్సరాల్లో సుజుకాలో జరిగిన రెండు ఢీకొనడాల చుట్టూ నాయక, ప్రతినాయక కథను అల్లింది. ప్రోస్ట్ కొంత అన్యాయానికి గురయ్యాడనే నేను భావిస్తున్నాను. సెన్నా పేరిట ఏర్పడిన ఫౌండేషన్‌కు ప్రోస్ట్ ట్రస్టీ అన్న వాక్యం చివర తెరమీద కనిపించి ఆ లోపాన్ని కొంత సవరిస్తుంది కానీ, గంటన్నర సేపు చూసిన దృశ్యాల బలం ముందు ఒక్క వాక్యం బలమెంత? చిత్రాన్ని ముగించిన తీరు మాత్రం మెచ్చదగినది. నీవు పోటీపడిన వారిలో ఎవరితో పోటీ నీకు ఎక్కువ తృప్తినిచ్చిందని అడిగితే, సెన్నా ప్రోస్ట్ పేరు చెప్పడు. డబ్బూ రాజకీయమూ లేని కార్టింగ్ రోజుల్లో తనతో పరుగుతీసిన టెర్రీ ఫుల్లర్టన్ పేరు చెబుతాడు.

ఈ చిత్రానికి 2011లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ప్రేక్షకుల పురస్కారం, 2012లో ఉత్తమ డాక్యుమెంటరీకీ ఎడిటింగ్‌కూ బాఫ్టా పురస్కారాలు వచ్చాయి. ఎడిటింగ్‌కు పురస్కారం రావడం గమనించదగినది. దర్శకుడు ఒక్క దృశ్యాన్నీ తీయని చిత్రంలో కూర్పే రచన అవుతుంది.

4. ‘ఏమీ’: ప్రేమించిన కెమెరా, వేటాడిన కెమెరా

ఏమీ వైన్‌హౌస్ 1983 సెప్టెంబర్ 14న లండన్‌లో పుట్టింది. ‘ఫ్రాంక్’ (2003), ‘బ్యాక్ టు బ్లాక్’ (2006) అనే రెండు ఆల్బమ్‌లతో ప్రపంచప్రసిద్ధి పొందింది. 2008లో ఒకే రాత్రి అయిదు గ్రామీలు గెలుచుకుంది. 2011 జూలై 23న, 27 ఏళ్ల వయసులో, మద్యం అతిగా సేవించడం వల్ల మరణించింది.

సెన్నాకు ఫార్ములా వన్ సంస్థ ఉంది. ఏమీకి అటువంటి ఒకే భాండాగారం లేదు. ఆమె దృశ్యాలు స్నేహితుల ఇళ్లలో, తొలి మేనేజర్ నిక్ షిమాన్స్కీ దగ్గర, టీవీ సంస్థల్లో, పాపరాజీ ఛాయాగ్రాహకుల వద్ద చెదిరి ఉన్నాయి. కపాడియా బృందం వందమందికి పైగా వ్యక్తులతో మాట్లాడింది. దీపాలు తగ్గించిన గదిలో, కెమెరా లేకుండా, మైకు ఒక్కటే పెట్టి మాట్లాడించడం అతని పద్ధతి. కెమెరా ఎదుట మనిషి తన ముఖాన్ని కాపాడుకుంటాడు. చీకట్లో ఆ అవసరం ఉండదు. పత్రికల వల్ల గాయపడి అప్పటికి పెదవి విప్పని చిన్ననాటి స్నేహితురాళ్లు జూలియెట్ ఆష్బీ, లారెన్ గిల్బర్ట్ ఈ పద్ధతిలోనే మాట్లాడారు.

చిత్రం 1998 నాటి ఒక ఇంటి వీడియోతో మొదలవుతుంది. స్నేహితురాలి పుట్టినరోజు. పద్నాలుగేళ్ల పిల్లలు నవ్వుకుంటూ పాడుతుండగా వారిలో ఒక గొంతు హఠాత్తుగా పెద్దవాళ్ల గొంతులా లేస్తుంది. ఆ కెమెరా పట్టుకున్నవారు ఆమెను ప్రేమించినవారు. కాబట్టి ఆమె ఆ కెమెరాతో మాట్లాడుతుంది, వెక్కిరిస్తుంది, దానివైపు నవ్వుతుంది. చిత్రం సగం దాటాక దృశ్యాల స్వభావం మారుతుంది. ఇంటి గుమ్మంలో, కారు అద్దాల వెనక, వీధిలో, ఆమె ఇప్పుడు కెమెరా నుంచి ముఖం దాచుకుంటుంది. ఫ్లాష్ వెలుగులు తెరను తెల్లగా కొట్టేస్తుంటే ప్రేక్షకుడు సైతం కళ్లు మూసుకోవలసి వస్తుంది. పతనాన్ని గురించి ఎవరూ ఉపన్యసించకుండానే, కెమెరాను ఎవరు పట్టుకున్నారన్న ఒక్క మార్పు ఆ పతనాన్ని చెబుతుంది. ఈ దర్శకుని చిత్రాలన్నింటిలో రూపం, వస్తువు ఇంతగా ఒక్కటైన సందర్భం మరొకటి లేదు.

గ్రామీ రాత్రి ఘట్టం దీనికి మధ్యస్థం. ఏమీ లండన్‌లో ఒక వేదికపై నిలబడి, తాను చిన్ననాటి నుంచి ఆరాధించిన టోనీ బెనెట్ తన పేరు ప్రకటించడాన్ని తెరమీద చూస్తుంది. నమ్మలేక నోరు తెరిచి నిలబడిపోతుంది. ఆ దృశ్యం ప్రపంచమంతా చూసినదే. ఆ తర్వాత స్నేహితురాలి గొంతు వినిపిస్తుంది: ఏమీ తనను వేదిక పైకి పిలిచి, మత్తు లేకపోతే ఇదంతా విసుగ్గా ఉందని చెప్పిందట. దృశ్యం విజయాన్ని చూపుతుంటే గొంతు దాన్ని లోపలి నుంచి ఖాళీ చేస్తుంది. దృశ్యానికి గొంతు వ్యాఖ్యగా ఉండే సాధారణ డాక్యుమెంటరీకి, ఒకదాన్నొకటి ప్రశ్నించుకునే ఈ పద్ధతికి ఉన్న తేడా ఇక్కడ స్పష్టమవుతుంది.

పాటల విషయంలోనూ ఒక ప్రత్యేకత ఉంది. ఏమీ పాడుతుండగా పాట మాటలు తెరమీద అక్షరాలుగా రూపుకడతాయి. నాట్యం చేయిస్తూ విన్న పాటను ప్రేక్షకుడు మొదటిసారి చదువుతాడు. చదివినప్పుడు, అంతవరకు వాచ్యంగా ఉన్న సరదా మాటల వెనక ఆర్తి ధ్వనిస్తుంది. ఇది శక్తిమంతమైన ప్రక్రియే కానీ ఇందులో ఒక ప్రమాదం ఉంది. ప్రతి పాటనూ ఫలానా సంఘటనకు నకలుగా చూపితే పాటలోని కల్పన, జాజ్ సంప్రదాయం, ఛందస్సులాంటి లయనిర్మాణం వెనక్కిపోతాయి. కవి జీవితాన్ని కవిత్వంలో వెతికే విమర్శకు ఉన్న పరిమితి ఈ చిత్రానికీ ఉంది. ఆమె సంగీతాన్ని ఎలా కూర్చుకున్నదో కంటే ఎందుకు బాధపడిందో మనకు ఎక్కువ తెలుస్తుంది.

ఇంతకన్నా పెద్ద ప్రశ్న ఔచిత్యానికి సంబంధించినది. స్నాతకోత్తర తరగతిలో ఈ చిత్రాన్ని చర్చకు పెట్టినప్పుడల్లా విద్యార్థుల నుంచి వచ్చే ప్రశ్న ఇదే: ఆమెను వేటాడిన కెమెరాల దృశ్యాలను మళ్లీ పెద్ద తెరమీద చూపడం ఆ వేటను కొనసాగించడం కాదా? దీనికి సులభమైన సమాధానం లేదు. బెల్‌గ్రేడ్‌లో 2011 జూన్ 18న జరిగిన కచేరీలో పాడలేక, నిలబడలేక, వేలమంది కేకల మధ్య ఆమె తడబడిన దృశ్యం చిత్రంలో ఉంది. దాన్ని వదిలేస్తే సత్యం లోపిస్తుంది, ఉంచితే ఆమె మళ్లీ ఒకసారి అవమానానికి గురవుతుంది. నా దృష్టిలో కపాడియా చేసిన సమర్థన ఒక్కటే: ఆ దృశ్యాలకు ముందు గంటసేపు ఆమెను ఒక మనిషిగా మనకు పరిచయం చేశాడు. అప్పట్లో నవ్వుకుంటూ చూసినవారు ఇప్పుడు అవే దృశ్యాలను నవ్వలేకుండా చూస్తారు. ఈ సమర్థన సరిపోతుందా అన్నది ప్రతి ప్రేక్షకుడూ తేల్చుకోవలసినదే. ఏమీ తండ్రి మిచ్ వైన్‌హౌస్‌కు అది సరిపోలేదు. చిత్రం తప్పుదోవ పట్టించేదిగా ఉందని, తనను అన్యాయంగా చూపిందని ఆయన బహిరంగంగా నిరసించారు. సెయింట్ లూసియా ద్వీపంలో విశ్రాంతి తీసుకుంటున్న కూతురి వద్దకు ఆయన టీవీ చిత్రీకరణ బృందంతో వెళ్లిన ఘట్టం చిత్రంలో ఉంది. ఆ కెమెరా తండ్రిదా, పాపరాజీదా అన్న సందేహాన్ని చిత్రం మన ముందుంచి ఊరుకుంటుంది. కూతురిని పోగొట్టుకున్న తండ్రి జవాబు చెప్పుకోవడానికి ఈ పద్ధతిలో తావు తక్కువ అన్న విమర్శను మాత్రం తోసిపుచ్చలేము. ముఖం కనబడని గొంతుల్లో ఎవరి మాటను ఎక్కడ ఆపాలో నిర్ణయించేది కూర్పరే.

2016లో ఈ చిత్రానికి ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్, ఉత్తమ సంగీత చిత్రంగా గ్రామీ లభించాయి.

5. ‘డియేగో మారడోనా’: ఏజెంట్ నియమించిన కెమెరా

మూడో చిత్రానికి ఆధారం మరో రకమైనది. మారడోనా తొలి ఏజెంట్ జార్జ్ సిటెర్‌స్పిలెర్, తన ఆటగాడి మీద ఒక సినిమా తీయాలన్న ఆలోచనతో 1980ల తొలినాళ్లలోనే ఛాయాగ్రాహకులను నియమించాడు. ఆ సినిమా పూర్తికాలేదు. కపాడియా చేతికి వచ్చిన దృశ్యాల నిడివి 500 గంటలకు పైమాట. పొగిడించుకోవడానికి తీయించినవి కాబట్టి ఆ దృశ్యాల్లో సామీప్యం ఎక్కువ: మైదానం గీత పక్కనుంచి, దుస్తులు మార్చుకునే గదిలోంచి, ఇంట్లోంచి.

చిత్రం 1984 జూలై 5న, నేపుల్స్‌లోని శాన్ పావోలో మైదానం వైపు దూసుకుపోయే కార్ల వరుసతో ప్రారంభమవుతుంది. ఆ రోజే పత్రికాసమావేశంలో ఒక పాత్రికేయుడు కమోరా అనే స్థానిక నేరముఠా ధనం గురించి ప్రశ్నించగానే క్లబ్ అధ్యక్షుడు ఫెర్లైనో అతణ్ని బయటకు పంపించడం మనం చూస్తాం. 1987లో నాపోలి తొలిసారి ఇటలీ లీగ్ విజేత అవుతుంది, 1990లో మళ్లీ. ఉత్తరాది ధనిక నగరాలు చిన్నచూపు చూసిన దక్షిణాది నగరానికి అది కేవలం ఆటలో గెలుపు కాదు. అదే నగరంలో 1990 జూలై 3న ప్రపంచకప్ సెమీఫైనల్‌లో అర్జెంటీనా పెనాల్టీల ద్వారా ఇటలీని ఓడించింది. అంతకుముందే మారడోనా నేపుల్స్ ప్రజలను అర్జెంటీనా పక్షాన నిలవమని కోరాడు. ఆ సాయంత్రం తర్వాత ఇటలీ అతణ్ని క్షమించలేదు. 1991లో కొకైన్ పరీక్షలో పట్టుబడి 15 నెలల నిషేధానికి గురయ్యాడు.

శిక్షకుడు ఫెర్నాండో సిన్యోరినీ చెప్పిన ఒక విభజన ఈ చిత్రానికి వెన్నెముక. డియేగో అనే పేదవాడ పిల్లవాడు వేరు, లోకం ఎదుట నిలబడేందుకు అతడు తొడుక్కున్న మారడోనా అనే వేషం వేరు. 1986 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్‌పై ఒకే ఆటలో చేత్తో వేసిన గోలు, మైదానం సగం దాటించి వేసిన గోలు ఈ ద్వైధానికి గుర్తులుగా నిలుస్తాయి. అదే ఏడాది సెప్టెంబర్‌లో నేపుల్స్‌లో పుట్టిన కొడుకును కాదన్న అబద్ధం ఆ తర్వాతి కథంతా నీడలా వెంటాడుతుంది. ఆ బిడ్డను అతడు తన కొడుకుగా అంగీకరించింది 2016లో.

ఈ చిత్రం నాటికి కథానాయకుడు సజీవుడు. కపాడియా దుబాయి వెళ్లి మారడోనాతో మాట్లాడాడు. విచిత్రమేమిటంటే, మిగతావారి గొంతుల కంటే కథానాయకుని గొంతే తక్కువ నమ్మదగినదిగా తోస్తుంది. స్వీయచరిత్రలను పరిశోధించేవారికి ఇది కొత్త సంగతి కాదు.

6. ‘ఫెదరర్’: తన కెమెరా తనదే అయినప్పుడు

ఈ మూడింటి తర్వాత కపాడియా సంగీతం, క్రీడలకు దూరం కాలేదు. ‘1971’ సంవత్సరపు సంగీతంపై ఎనిమిది భాగాల ధారావాహిక (2021), అక్రమ్ ఖాన్ నృత్యరూపకం ఆధారంగా ‘క్రీచర్’ (2022) తీశాడు. మన చర్చకు ముఖ్యమైనది జో సబియాతో కలిసి దర్శకత్వం వహించిన ‘ఫెదరర్: ట్వెల్వ్ ఫైనల్ డేస్’ (2024). టెన్నిస్ క్రీడాకారుడు రోజర్ ఫెదరర్ 2022 సెప్టెంబర్‌లో ఆట విరమించిన చివరి పన్నెండు రోజులను, తన కుటుంబానికి జ్ఞాపకంగా మిగలాలని, సబియా చేత చిత్రింపజేసుకున్నాడు. బయటివారికి చూపే ఉద్దేశం అప్పటికి లేదు. ఆ దృశ్యాలే తర్వాత చిత్రమయ్యాయి.

ప్రసారసంస్థ, స్నేహితులు, పాపరాజీలు, ఏజెంట్ – ఈ వరుసలో చివరికి కెమెరా కథానాయకుని చేతికే వచ్చింది. ఫలితం ఊహించదగినదే. చిత్రం మర్యాదగా, ఆర్ద్రంగా, సమస్య ఏదీ లేకుండా సాగుతుంది. పైగా ఇక్కడ మాట్లాడేవారి ముఖాలు తెరమీదికి తిరిగి వచ్చాయి. ఫెదరర్ జీవితంలో చీకటి లేదు కాబట్టి చిత్రం అలా ఉందని వాదించవచ్చు. కానీ చీకటి ఉన్నా లేకున్నా, కథానాయకుడు తీయించుకున్న దృశ్యాలతో అది తేలదు. మారడోనా చిత్రంలో పొగడ్త కోసం తీయించిన దృశ్యాలను, ముప్పై ఏళ్ల దూరం, ఇతరుల గొంతులు ప్రశ్నించాయి. ఇక్కడ ఆ దూరం రెండేళ్లు కూడా లేదు.

2022 సెప్టెంబర్ 23న లండన్‌లో, లేవర్ కప్ పోటీల్లో, ఫెదరర్ తన చిరకాల ప్రత్యర్థి రాఫెల్ నాదల్ జోడీగా చివరి ఆట ఆడి ఓడిపోయాడు. ఆట ముగిశాక బెంచీ మీద పక్కపక్కన కూర్చుని, ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఇద్దరూ ఏడుస్తున్న ఛాయాచిత్రం మరునాటికి లోకమంతా పాకింది. అది ఫెదరర్ ఏర్పాటు చేసుకున్న కెమెరా తీసినది కాదు. కోర్టు పక్కన ఉన్న పత్రికా ఛాయాగ్రాహకులు తీసినది.